బిడ్డ పుట్టిన కబురు ఎన్ని గంటల్లో అందాలి?

పట్టణ ఆరోగ్యం అనగానే మనకు డ్రైనేజీలు, నీళ్ల పైపులు, ఆస్పత్రి భవనాలే గుర్తొస్తాయి. వందేళ్ల కిందటి ఇంగ్లండ్ పట్టణాల కథ చెప్పేవాళ్లూ చాలావరకు అక్కడే ఆగిపోతారు. నన్నడిగితే అసలు మలుపు వేరేచోట ఉంది. ఒక ఇంట్లో బిడ్డ పుడితే ఆ కబురు మునిసిపల్ ఆరోగ్య అధికారికి ఎన్నాళ్లకు చేరేది?

1899లో ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 163 మంది ఏడాది నిండకుండానే పోయారు. 1875 ప్రజారోగ్య చట్టంతో ఊరూరా ఆరోగ్య అధికారులు ఉన్నారు, మురుగు కాల్వలూ తవ్వారు. అయినా ఎండలు ముదిరితే విరేచనాలతో పసివాళ్లు రాలిపోతూనే ఉన్నారు. జనన నమోదుకు గడువు 42 రోజులు మరి! ఆ లెక్క అధికారి చేతికి వచ్చేసరికి కొందరు బిడ్డలు ఉండేవాళ్లే కాదు.

యార్క్‌షైర్‌లో హడర్స్‌ఫీల్డ్ ఉన్నిమిల్లుల ఊరు. 1904లో అక్కడ మేయరైన బెంజమిన్ బ్రాడ్‌బెంట్, తన పదవీకాలంలో లాంగ్‌వుడ్ ప్రాంతంలో పుట్టే ప్రతి బిడ్డకూ మొదటి పుట్టినరోజు నాడు ఒక పౌను (బ్రిటిష్ పౌండు) ఇస్తానని మాటిచ్చాడు. అందరూ ఆ పౌను గురించే చెబుతారు గానీ, నాకు మాత్రం ఆ వంకతో బాలింతల ఇళ్లకు వెళ్లొచ్చిన ఆడవాళ్లే ముఖ్యం. ఆ తర్వాత ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా వెంటనే కబురు తెచ్చినవాళ్లకు ఒక షిల్లింగ్ (పౌనులో ఇరవయ్యో వంతు) ఇచ్చారు. 1906లో ఏకంగా తమ ఊరికోసం చట్టమే తెచ్చుకున్నారు: 48 గంటల్లో ఆరోగ్య అధికారికి తెలియాలి. తెలిసిన వెంటనే లేడీ డాక్టర్ ఆ ఇంటికి వెళ్లేది.

వెళ్తే ఏం కనపడుతుంది? అప్పట్లో ఒక రకం పాలసీసా ఉండేది, దానికి పొడుగాటి రబ్బరు గొట్టం, గొట్టం చివర పీక. సీసా బిడ్డ పక్కన పెట్టేసి తల్లి పని చూసుకోవచ్చు, కానీ ఆ గొట్టం లోపల కడగడం ఎవరి తరమూ కాదు, పాలు అందులోనే పులిసి విషమయ్యేవి. రిజిస్టర్‌లో ఎంత వెతికినా ఈ సీసా కనపడదు, మూడోరోజే వెళ్లి వంటింట్లో నిలబడితే కనపడుతుంది.

జీతాలు పెరిగాయి, కాన్పులు తగ్గాయి, అందుకే మరణాలు తగ్గాయనేవాళ్లూ ఉన్నారు. అందులో నిజం ఉంది. 1910లో వెయ్యికి 105కి దిగిన పసివాళ్ల మరణాల లెక్క 1911 ఎండలకు మళ్లీ 130కి ఎగబాకింది కూడా. పేదింటి తల్లులకు పెద్దింటి వాళ్ల సుద్దులేంటన్న కోపమూ అర్థం చేసుకోదగ్గదే. అయితే ఆ సీసా మార్పించడానికి జీతం పెరిగేదాకా ఆగాలా?

ఇంకో సంగతి. హడర్స్‌ఫీల్డ్ చేసి చూపించాక 1907లో పార్లమెంటు అదే పద్ధతిని ఇష్టమున్న ఊళ్లకు ఇచ్చింది, 1915లో అందరికీ తప్పనిసరి చేసింది. ముందు ఊరు నడిచింది, దేశం వెనకాల వచ్చింది. మన దగ్గర ఆశా కార్యకర్తలు 3వ రోజు నుంచి 42వ రోజు దాకా బాలింత ఇంటికి వెళ్తున్నారు, అది ఇదే ఆలోచన, మంచి పని. కానీ ప్రజారోగ్యాన్ని 1992లోనే రాజ్యాంగంలో మునిసిపాలిటీల పద్దులో రాసుకుని, అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశాం. పోయిన వారం మీ వార్డులో ఎంతమంది పుట్టారో మీ కౌన్సిలర్‌ని అడిగి చూడండి. లాంగ్‌వుడ్ పిల్లల లెక్క మేయర్ దగ్గరే ఉండేది, పేరుపేరునా పౌను ఇవ్వాల్సింది ఆయనే కదా.