ఆపద వేళ అందని సిగ్నల్

ఒక భవనంలో మంటలు లేచిన మరుక్షణం వీధిలో వందల ఫోన్లు బయటికొస్తాయి. ఒకరు వీడియో పంపుతారు, ఒకరు ఇంటికి ఫోన్ చేస్తారు, ఇంకొకరు అంబులెన్స్‌ను పిలుస్తారు. పై అంతస్తులో ఎంతమంది చిక్కుకున్నారో కంట్రోల్ రూమ్‌ను అడగాల్సిన ఫైర్ ఆఫీసరు ఫోన్ కూడా అదే టవర్ మీద ఉంటుంది. ఆయన జేబులో ఉన్నది మామూలు సిమ్ అయితే, వీడియో పంపేవారికి ఎంత హక్కో ఆయనకూ అంతే. 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక సెల్‌ఫోన్లు పనిచేయకపోతే అధికారులే నెట్‌వర్క్ ఆపేశారని పుకారు పుట్టింది. నిజానికి ఎవరూ ఆపలేదు. ఒక్కసారిగా అందరూ ఫోన్లు చేసేసరికి నెట్‌వర్క్ తట్టుకోలేకపోయింది.

అందుకే, రక్షణ సిబ్బంది నెట్‌వర్క్‌ను మామూలు రోజుల సగటు వేగంతో కొలవడం తప్పని నా అభిప్రాయం. నగరానికి వచ్చే అతి చెడ్డ గంటలో అది ఎలా నిలబడుతుందన్నదే కొలమానం కావాలి.

2018 వేసవిలో కాలిఫోర్నియాలో మెండోసినో కార్చిచ్చు రేగినప్పుడు శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక విభాగం ఒక కమాండ్ వాహనాన్ని పంపింది. ఏ బండి ఎటు వెళ్లాలో, ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడానికి ఆ వాహనమే ఆధారం. దానికి ఇంటర్నెట్ ఇస్తున్న వెరైజన్, వాడకం పరిమితి దాటిందంటూ వేగాన్ని మామూలులో రెండు వందలలో ఒక వంతుకు తగ్గించేసింది. తీసుకున్నది ‘అన్‌లిమిటెడ్’ ప్లానే. అడవి తగలబడుతుంటే అధికారులు కస్టమర్ కేర్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపారు. ఇంకా ఖరీదైన ప్లాన్‌కు మారమని అక్కడి నుంచి జవాబు వచ్చింది. అత్యవసర సమయాల్లో పరిమితి ఎత్తేయడమే తమ విధానమనీ, ఇది తమ సిబ్బంది పొరపాటనీ కంపెనీ తర్వాత ఒప్పుకుంది. ఆ మాటను నమ్మినా నా ఆందోళన తీరదు. ప్రాధాన్యం అనేది ఫోన్ ఎత్తిన ఉద్యోగి విచక్షణకు వదిలేసే విషయమా? టవరే ఆ సిమ్‌ను గుర్తుపట్టి దారి ఇవ్వాలి. రద్దీ మరీ ఎక్కువైతే ఇతరుల కాల్‌ను తెంచైనా ఇవ్వాలి. సాంకేతికంగా ఇది అసాధ్యమేమీ కాదు. మొబైల్ ప్రమాణాల్లో అత్యవసర సేవలకు ప్రత్యేక తరగతి ఎప్పటి నుంచో ఉంది, బటన్ నొక్కి మాట్లాడే సౌకర్యం కూడా 2016లో చేరింది.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అన్ని మరణాలకూ రేడియోయే కారణం అనలేం. కానీ వరల్డ్ ట్రేడ్ సెంటర్ భవనం కూలిపోయేలా ఉందని పోలీసు హెలికాప్టర్ చేసిన హెచ్చరిక లోపలున్న అగ్నిమాపక దళానికి నేరుగా వినిపించే వీలు లేదు, ఎవరి రేడియో వారిదే. ఆ గాయం నుంచే అమెరికాలో 2012 చట్టం, దానితో రక్షణ సిబ్బంది కోసం ప్రత్యేక మొబైల్ నెట్‌వర్క్ ఫస్ట్‌నెట్ పుట్టాయి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కేటాయించి, 2017లో నిర్మాణాన్ని ఏటీ అండ్ టీ అనే టెలికాం కంపెనీకి అప్పగించారు. దక్షిణ కొరియా 2014 నాటి సెవోల్ ఓడ ప్రమాదం తర్వాత ఇలాంటి నెట్‌వర్క్‌కే పూనుకుని 2021 నాటికి దేశమంతటా పూర్తి చేసింది.

అంతటితో భద్రత వచ్చేసినట్టేనా? 2020 క్రిస్మస్ నాడు అమెరికాలోని నాష్‌విల్‌లో ఏటీ అండ్ టీ భవనం ఎదుట ఒక వాహనం పేలింది. నీళ్లు చేరాయి, విద్యుత్ వ్యవస్థ దెబ్బతింది, బ్యాటరీలు ఉన్నంతసేపు లాగి ఆగిపోయాయి. మామూలు ఫోన్లతో పాటు ఫస్ట్‌నెట్‌కూ అంతరాయం కలిగింది. సిమ్‌కు ఎంత ప్రాధాన్యం ఉన్నా, దాని వెనకున్న కేబుల్, కరెంటు, స్విచ్ అందరివీ అయినప్పుడు అందరితో పాటే అదీ పడిపోతుంది. అందుకే టవర్‌కు రెండు దారుల్లో కేబుల్ రావాలి, జనరేటర్ వరద మట్టానికి పైన ఉండాలి, రెండో కంపెనీ సిమ్ కూడా చేతిలో ఉండాలి. టెండర్లలో మెరిసే యాప్‌ల కన్నా నేను ముందుగా చూసేవి ఇవే.

వాకీటాకీని పారేయమని మాత్రం నేను అనను. మధ్యలో టవర్ లేకపోయినా రెండు సెట్లు నేరుగా మాట్లాడుకుంటాయి. కాంక్రీటు సెల్లార్‌లో ఊపిరాడని మనిషికి ఆ ఒక్క గుణమే దిక్కు. బ్రిటన్ తన పాత ఎయిర్‌వేవ్ రేడియోలను 2019 చివరికే ఆపేసి మొబైల్ నెట్‌వర్క్‌కు మారాలనుకుంది. ఆ గడువు ఏళ్ల తరబడి వెనక్కి జరుగుతూనే ఉంది. అయితే పాతది కదా అని రేడియోను గుడ్డిగా నమ్మడమూ కుదరదు. పోలీసులు, అత్యవసర సిబ్బంది వాడే టెట్రా అనే డిజిటల్ రేడియోల్లో మాటలను ఇతరులు వినకుండా దాచే, దశాబ్దాలుగా గుట్టుగా ఉంచిన ఒక ఎన్‌క్రిప్షన్‌లో 80 బిట్ల తాళం అసలు బలం 32 బిట్లేనని 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు బయటపెట్టారు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే లీకు వేరే ఉంది. ఇచ్చిన పరికరం మొరాయిస్తే సిబ్బంది ఊరుకోరు. సొంత ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేస్తారు. గాయపడిన వ్యక్తి ముఖం, సాక్షి ఇంటి చిరునామా, మూసేసిన దారి వివరం అన్నీ అందులోకే వెళ్తాయి. వారిని తప్పుపట్టలేను. ప్రాణం కాపాడే తొందరలో ఏది పనిచేస్తే దాన్నే వాడతారు. గ్రూపులు పెట్టొద్దని సర్క్యులర్ ఇచ్చే ముందు, అధికారిక పరికరం ఆ గ్రూపంత తేలిగ్గా పనిచేస్తోందో లేదో పైఅధికారులు తామే జనం కిక్కిరిసిన చోట గంటసేపు వాడి చూడాలి. ఒక టవర్‌ను కావాలనే ఆపించి మరీ చూడాలి.