‘ఇనండేట్’: మునిగినవారి వైపు నిలబడే మాట

ఆంగ్లంలో వరద వార్తలు చదివేవారికి ‘ఇనండేట్’ తరచూ ఎదురవుతుంది. చాలామంది దాన్ని ‘ఫ్లడ్’కు కాస్త గంభీరమైన మారుపేరు అనుకుని వదిలేస్తారు. నిఘంటువులు కూడా రెండింటికీ దాదాపు ఒకే అర్థం ఇస్తాయి. వాక్యంలో పెట్టి చూస్తేనే తేడా బయటపడుతుంది. ‘ఫ్లడ్’ను నది పొంగిందని చెప్పడానికీ వాడవచ్చు, అక్కడ నది ఒక్కటీ ఉంటే చాలు. ‘ఇనండేట్’కు మునిగేది ఒకటి ఉండి తీరాలి. పొలమో, వీధో, ఊరో లేకపోతే వాక్యం పూర్తి కాదు. మన ‘పొంగు’, ‘ముంచు’ల మధ్య ఉన్న తేడాయే ఇది.

సునామీలను అధ్యయనం చేసేవారు ‘ఇనండేషన్’ను కొలమానంగానే వాడతారు. తీరం నుంచి నీరు నేల మీదికి ఎంత దూరం చొచ్చుకొచ్చిందో అది చెబుతుంది. నీరు ఎంత ఎత్తుకు ఎక్కిందన్నది వేరే లెక్క, దాని పేరు ‘రనప్’.

‘ఇనండేట్’ పుట్టుక మరీ అందమైనది. లాటిన్‌లో ‘ఉండా’ అంటే అల. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘ఉదకం’ మూలం కూడా అదే ప్రాచీన ధాతువు. ‘అబండెంట్’ (సమృద్ధమైన), ‘రిడండెంట్’ (అవసరానికి మించిన) కూడా ఆ అలలోంచి వచ్చినవే. ఆశ్చర్యం ‘సరౌండ్’ది: మొదట దాని అర్థం చుట్టుముట్టడం కాదు, పొంగి పొర్లడం. ‘రౌండ్’ను తలపించడం వల్ల 17వ శతాబ్దం నాటికి అర్థమే మళ్లిపోయింది.

నీరు లేనిచోట వాడినప్పుడు అనువాదంలో చిక్కు వస్తుంది. ఒక కార్యాలయం ఫిర్యాదులతో ‘ఇనండేట్’ అయిందంటే ‘ఫిర్యాదులు వెల్లువెత్తాయి’ అని రాసేస్తున్నాం. అందులో ప్రవాహం కనిపిస్తుంది గానీ, దాని కింద కూర్చున్న గుమాస్తా కనిపించడు. ‘ముంచెత్తాయి’ అంటే కొంత నయం. కానీ ప్రశంసలతో, ప్రేమతో, కానుకలతో కూడా ముంచెత్తుతాం కాబట్టి తెలుగులో ఆ మునకకు హాయి అంటుకుని ఉంది. ఆంగ్ల క్రియలో సాధారణంగా వినిపించేది మోయలేనంత భారం. అందుకే ఇలాంటి చోట ‘ఫిర్యాదులతో సిబ్బంది ఉక్కిరిబిక్కిరయ్యారు’ అని రాయడమే నాకు సరిగా తోస్తుంది. నీటి పోలిక పోయినా, ఊపిరాడని మనిషి మిగులుతాడు. నిజంగా నీరే వచ్చినప్పుడు మాత్రం ‘వరద వచ్చింది’తో సరిపెట్టకుండా, ఏ వీధిని ముంచెత్తిందో ఆ వీధి పేరుతో సహా రాయాలి.