చక్కెర కలపనంత మాత్రాన చాలదు

'చక్కెర కలపలేదు' అన్న మాట పొట్లం మీద కనిపిస్తే ఆ పదార్థంతో పళ్లకు ముప్పు లేదని కొనేవారు నమ్ముతారు. ఆ నమ్మకానికి తగిన ఆధారం ఆ మాటలో లేదన్నదే మా అభ్యంతరం. పండ్ల రసంలోనూ తేనెలోనూ సహజంగా ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజులను సైతం పళ్లపై పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. చక్కెరలోని సుక్రోజు చేసే అదనపు హాని ఏమంటే, దాని నుంచి బ్యాక్టీరియా జిగురు పదార్థాన్ని తయారుచేసుకుని పంటిని మరింత గట్టిగా అంటిపెట్టుకుంటుంది.

గ్లూకోజు ద్రావణంతో పుక్కిలించిన తరువాత పాచిలో ఏం జరుగుతుందో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ స్టీఫన్ 1940లలోనే కొలిచి చూపారు. నిమిషాల వ్యవధిలోనే పీహెచ్ (ఆమ్లగుణాన్ని తెలిపే కొలత; ఇది తగ్గితే ఆమ్లగుణం పెరిగినట్టు) పడిపోతుంది. అది సుమారు 5.5 కన్నా తగ్గితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి పూర్వస్థితికి తెచ్చేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆలోగానే మరో గుక్క తాగినా, మరో బిళ్ల చప్పరించినా పంటికి కోలుకునే వ్యవధి దక్కదు. అందుకే ఎంత తీపి తిన్నామన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ అంతే ముఖ్యం.

చక్కెరకు బదులు తీపి కోసం వాడే ప్రత్యామ్నాయాలన్నిటినీ ఒకే గాటన కట్టడమూ సరికాదు. పుచ్చుకు ముఖ్య కారకమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా జైలిటాల్‌ను ఆమ్లంగా మార్చలేదు. సార్బిటాల్‌ను మార్చగలదు గానీ చాలా నెమ్మదిగా. ఆస్పర్టేమ్, సుక్రలోజ్‌ల నుంచి పాచిలో ఆమ్లం పుట్టదు. అయితే వాటితో తీపి చేసిన శీతల పానీయంలో సిట్రిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో ముందే ఉంటే, బ్యాక్టీరియా ప్రమేయం లేకుండానే ఎనామిల్ అరుగుతుంది. చక్కెర రహితమన్న ముద్ర ఈ సంగతి చెప్పదు.

కొలిచే మార్గం లేదని తయారీదారులు అనలేరు. పంటి మీద ఎలక్ట్రోడ్ అమర్చి, తినేటప్పుడూ ఆ తరువాత అరగంట పాటూ పాచి పీహెచ్ 5.7 కన్నా దిగజారలేదని తేలితేనే 'పళ్లకు మేలు' అనే గుర్తు ఇచ్చే పద్ధతి స్విట్జర్లాండ్‌లో ఎప్పుడో మొదలైంది. ఇలాంటి పరీక్షను ప్రభుత్వాలు ప్రమాణంగా స్వీకరించి, పళ్లకు హాని లేదని చెప్పుకునే ప్రతి ఉత్పత్తికీ తప్పనిసరి చేయాలి. పిల్లల మందు సిరప్‌లతోనే ఈ పని మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. పడుకునే ముందు పట్టించే ఆ తీపి మందు, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోయే వేళలోనే పళ్లను అంటుకుని ఉంటుంది.