థీసిస్ ఊరి దాకా రావాలి

2000 ఖరీఫ్‌ను అనంతపురం చెనిక్కాయ (వేరుశనగ) రైతు అంత తేలిగ్గా మర్చిపోడు. మొవ్వ మాడి, కాండం నల్లబడి, చూస్తుండగానే చేలకు చేలే పోయాయి, సుమారు 2.25 లక్షల హెక్టార్లలో, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వాన రాక పంట ఎండడం మనకు అలవాటే గానీ ఇది ఆ బాపతు కాదు, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తర్వాత తేలింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, ఆ పుప్పొడి చెనిక్కాయ ఆకు మీద పడ్డాక తామర పురుగులు ఆకును గీకితే చాలు, చెట్టుకు అంటుకుంటుంది. అందుకే పూత రాకముందే వయ్యారిభామ పీకేయండి, చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్లు వేయండి అని చెప్పారు. ఇంత చిన్న మాట! దాని వెనక ల్యాబులో ఎంత పని ఉందో ఊహించుకోండి.

ఈ గుట్టు విప్పడంలో ముందున్నది పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు. ఎవరు ముందు కనుక్కున్నారన్నది మా లెక్క కాదు, ఇలాంటి పని మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ జరగాలన్నదే మా మాట. ఇటుకలపల్లిలో ఉన్న ఆ యూనివర్సిటీ వ్యవసాయ యూనివర్సిటీ కాదు కదా అంటారు, నిజమే, కానీ అక్కడ బోటనీ ఉంది, బయోకెమిస్ట్రీ ఉంది, ఎకనామిక్స్ ఉంది. చేలో తెగులు వస్తే, ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువైతే, జనం బెంగళూరు రైలెక్కితే, అందులో ఏదో ఒక డిపార్ట్‌మెంటుకు పని ఉన్నట్టే. ఆ పని ఇక్కడివాళ్లు చేయగలరా అన్న అనుమానం మాకైతే లేదు, ఎందుకంటే బోటనీ ఆచార్యుడు పుల్లయ్య, ఆయన విద్యార్థులు అనంతపురం జిల్లా మొక్కల్ని ఊరూరా తిరిగి నమోదు చేసింది ఈ క్యాంపస్ నుంచే. అంత ఓపికగా మన గుట్టలెక్కి దిగడానికి బయటివాళ్లు ఎందుకొస్తారు?

అసలు ఈ యూనివర్సిటీ మనకు ఊరికే రాలేదు. కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనంతపురంలో రెండో కేంద్రం ఉండాలని రాసుకున్నారు. రాసుకున్నది కాగితం మీదే ఉండిపోయింది. 1968లో తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీ పీజీ సెంటర్ పెట్టింది, 1981లో అదే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడపకు 2006లో, కర్నూలుకు 2008లో యూనివర్సిటీలు వచ్చాయి. అడిగి, ఎదురుచూసి, పోట్లాడి తెచ్చుకున్నదాన్ని డిగ్రీల మీద ముద్ర వేసే ఆఫీసుగా చూడడం మాకు కష్టంగా ఉంటుంది.

చదువు చెప్పడం వేరు, పరిశోధన వేరు అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువే. పర్మినెంట్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ, నోటిఫికేషన్ వస్తుంది, ఎవరో కోర్టుకెళ్తారు, అక్కడితో సరి. క్లాసులు గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరర్లు నడుపుతారు. వచ్చే నెల తన ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియని మనిషిని మూడేళ్లు నీటి శాంపిల్స్ తీయమంటే తీస్తాడా? ఆ టెన్షన్‌లో ఉన్నవాడు పాత నోట్సే చెబుతాడు, తప్పు అతనిది కాదు. ల్యాబులో చేయి పెట్టిన మాస్టారు చెప్పే పాఠం వేరుగా ఉంటుందని చదువుకున్నవాళ్లకు తెలుసు.

ఇక పూర్తయిన పరిశోధన సంగతి. థీసిస్‌ను, అంటే పీహెచ్‌డీ కోసం రాసిన పరిశోధన గ్రంథాన్ని, శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలని యూజీసీ నిబంధన ఉంది, మంచిదే, ఢిల్లీలో కూర్చున్నవాడు కూడా చదువుకోవచ్చు. ధర్మవరం చేనేత కుటుంబాల మీద చేసిన థీసిస్ ధర్మవరంలో ఎవరు చదివారు? ఫ్లోరైడ్ మీద శాంపిల్స్ ఇచ్చిన ఊరికి ఫలితం చెప్పారా, లేక పట్టికలో సీరియల్ నంబరుగా మిగిలిపోయిందా? సీసాలో నీళ్లు పట్టుకెళ్లిన అబ్బాయి మళ్లీ ఆ ఊరి ముఖం చూడకపోతే, రెండోసారి ఇంకో అబ్బాయి వచ్చినప్పుడు నీళ్లివ్వడానికి జనం ఎందుకు ముందుకొస్తారు?

మేం అడుగుతున్నది పెద్దది కాదు. ప్రతి థీసిస్‌కూ నాలుగు పేజీల తెలుగు సారాంశం ఉండాలి, రాసినవాళ్లే రాయాలి, మా ఊరి మాటల్లో, సంస్కృతం దట్టించకుండా. ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో ఒక కాపీ, రైతు సంగతైతే రైతు సేవా కేంద్రంలో ఒకటి. వైవాకు (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు) ముందో తర్వాతో ఒక పూట వెళ్లి చెప్పి రావాలి, ప్రశ్నలేస్తే తడబడినా ఫర్వాలేదు. దీనికి జీవో అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు, వైస్ చాన్సలర్లు తలుచుకుంటే ఈ ఏడాది సమర్పించే థీసిస్‌లతోనే మొదలుపెట్టొచ్చు. సారాంశాలు మాకు పంపితే మా పేజీల్లో చోటు ఇస్తాం.