డాష్‌బోర్డు తాబేలుకి ఒక సెకండ్ హ్యాండ్ మనవి

మహారాజశ్రీ పసుపు రంగు తాబేలు గారి దివ్య సముఖమునకు,

మొన్న మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ హైవే మీద మునగాల దాటగానే, మా ఎలక్ట్రిక్ కారు డాష్‌బోర్డు మీద "బ్యాటరీ నీరసించింది, ఇక మెల్లగానే నడుస్తా" అని చెప్పే గుర్తుగా తమరు తొలిసారి దర్శనమిచ్చారు. (తమరు అనడం ఇంతటితో ఆపేస్తున్నా. నీ మీద నాకైన ఖర్చు చూస్తే నువ్వు అనేంత చనువు వచ్చేసింది.) స్క్రీన్ మీద ఛార్జింగ్ 24 శాతం ఉంది, ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగేసరికి 7 అయింది, ఆ పక్కనే నువ్వు, మెడ బయటికి పెట్టి. ఏసీ ఆగిపోయింది. ఎంత తొక్కినా బండి 40 దాటదు. వెనకాల లారీవాడు మా ఏడు తరాలనీ హారన్‌తోనే పలకరిస్తున్నాడు. మా ఆవిడ నిన్ను కాసేపు తేరిపార చూసి, "మన పాత డీజిల్ బండిలో ఈ జంతువు లేదు కదండీ" అంది.

తాబేలు చొచ్చిన ఇల్లు, అమీనా (జప్తుకి వచ్చే కోర్టు మనిషి) చొచ్చిన ఇల్లు బాగుపడవని మా నాయనమ్మ అనేది. తాబేలు చొచ్చిన కారు గురించి ఆవిడ ఏమీ చెప్పలేదు పాపం. అమీనా మాత్రం నాకు సర్వీస్ సెంటర్‌లో కనిపించాడు, టై కట్టుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని.

అసలు ఈ బండి కొన్నప్పుడు నువ్వెక్కడున్నావు? నాలుగేళ్ల కారు, 6,80,000. కంపెనీ చెప్పిన రేంజి, అంటే ఒక్క ఫుల్ ఛార్జికి నడిచే దూరం, 300 కిలోమీటర్ల పైనే, హైదరాబాద్ నుంచి విజయవాడ 275, ఇంక టెన్షన్ ఏముంది అనుకున్నా. ఆ రేంజి ల్యాబులో రోలర్ల మీద పరుగెత్తించి లెక్కగట్టిందని, ఆ ల్యాబులో మే నెల ఎండ, నలుగురు మనుషులు, డిక్కీలో ఆవకాయ జాడీలు ఉండవని తర్వాత తెలిసింది. పాత పెట్రోల్ కారైతే సైలెన్సర్ పొగ చూస్తాం, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూస్తాం, ఇంజన్ చప్పుడు వింటాం. దీన్ని ఏం వినాలి? స్టార్ట్ చేస్తే చప్పుడే లేదు, "చూశారా సార్, ఎంత సైలెంటో" అన్నాడు డీలరు. నిజమే, అప్పుడు అందరూ సైలెంటే. ఫుల్ ఛార్జి పెట్టిన బండిలో మూడు కిలోమీటర్లు తిప్పి చూపించాడు. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో, అంటే కొత్తప్పటితో పోలిస్తే ఇప్పుడెంత ఛార్జి పట్టుకుంటోందో చెప్పే కాగితం అడగాలన్న బుద్ధి నాకు లేదు, ఇవ్వాలన్న బుద్ధి వాడికి లేదు.

మునగాల నుంచి హైదరాబాద్‌కి లారీ మీద ఎక్కించి తేవడానికి 11 వేలు. తాడు కట్టి లాక్కొస్తానంటే కుదరదట, చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, అది కరెంటు పుట్టించి ఇంకేదో కాలుస్తుందట. సర్వీస్ సెంటర్‌లో జబ్బు ఒక్క ముక్కలో చెప్పారు: "సెల్ ఇంబ్యాలెన్స్ సార్." వంద చిల్లర సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, అందులో ఏ ఒక్కటి ముందు నీరసపడినా కంప్యూటరు మొత్తం బండిని ఆపేస్తుంది. పంక్తిలో ఒక్కడు చెయ్యి కడుక్కుంటే అందరి విస్తళ్లూ తీసేసినట్టు! సరే, ఆ ఒక్కణ్ణీ మార్చండి అన్నా. "మేం సెల్ మార్చం సార్, ప్యాకే మారుస్తాం, అంటే మొత్తం బ్యాటరీ." ప్యాకు ఎంత? 5,40,000, లేబర్ అదనం.

వారంటీ 8 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్లు, రెండూ మిగిలే ఉన్నాయి. కాబట్టి ధైర్యంగా కాలు మీద కాలు వేసుకున్నా. "బ్యాటరీ ఆరోగ్యం 70 శాతం కంటే తగ్గితేనే వర్తిస్తుంది సార్, మీది 72." ఆ రెండు శాతం ఎప్పుడు పోతుందా అని ఇప్పుడు నేను రోజూ ఎండలో పార్క్ చేస్తున్నా, కనపడిన ప్రతి ఫాస్ట్ ఛార్జర్‌కీ తగిలిస్తున్నా. సొంత బండి ఆరోగ్యం పాడవ్వాలని సాయిబాబాకి మొక్కుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటా. ఎండకి బ్యాటరీలు ఇలా అయిపోతాయని 2012లోనే అమెరికాలో అరిజోనా నిస్సాన్ లీఫ్ ఓనర్లు గోల పెట్టారు, దానికి నీళ్లతో చల్లబరిచే ఏర్పాటే లేదు. నా బండికి ఆ ఏర్పాటు ఉంది. నాలుగు వేసవుల తర్వాత అది పనిచేస్తోందో లేదో నీకే తెలియాలి.

చివరికి ఏదో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కొట్టి, రాత్రంతా ఛార్జి పెట్టి, 8,500 తీసుకుని పంపారు. రెండు వారాలకి మళ్లీ నువ్వు.

మధ్యలో ఒకరోజు నువ్వు కూడా రాలేదు, అసలు బండే తెరుచుకోలేదు. కింద అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉంది, ముందు బానెట్ కింద మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోయింది, అది లేకపోతే పెద్దది లేవదు. మా వీధి మెకానిక్‌ని పిలిచా. అంబాసిడర్ దగ్గు విని రోగం చెప్పిన మనిషి, బానెట్ ఎత్తి, ఆ నారింజ రంగు హై వోల్టేజి కేబుళ్లు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అన్నా, ఇది కారు కాదన్నా, ట్రాన్స్‌ఫార్మరు" అన్నాడు.

ఇంకో ముచ్చట. కొత్త ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం. పాతది డీలరు అమ్మితే వాడి లాభం మీద 18, జీఎస్టీ కౌన్సిల్ వాళ్లు జైసల్మేర్‌లో 2024 డిసెంబరులో కూర్చుని 12 నుంచి పెంచారు. అంటే నా నెత్తిన పెట్టిన టోపీలో ప్రభుత్వానికీ ఒక అంచు ఉందన్నమాట.

అయినా తాబేలూ, నీ మీద నాకు నిజంగా కోపం లేదు. పాత ఓనరు చెప్పలేదు, డీలరు చెప్పలేదు, మునగాల దాకా 24 చూపించిన ఆ స్క్రీనూ చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది నువ్వొక్కదానివే, కాకపోతే రోడ్డు మధ్యలో చెప్పావు.

అందుకే ఈ ఒక్క మనవి. ఆదివారం పొద్దున పదింటికి ఖమ్మం నుంచి ఒకాయన ఈ బండి చూడ్డానికి వస్తున్నాడు. పెద్దమనిషి, కాగితాలవీ అడిగేలా లేడు. ఫుల్ ఛార్జి పెట్టి ఉంచుతాను, మూడు కిలోమీటర్లే తిప్పుతాను. ఆ అరగంట నువ్వు డిప్పలోంచి తల బయటపెట్టకు.

ఇట్లు,
నీ రెండో ఓనరు (ఆదివారం దాకా)