క్రాన్ చాలదా, టైమర్ కావాలా?

లైనక్స్‌లో వేళకు తనంతట తాను జరగాల్సిన పనిని ఎవరికి అప్పగించాలి? 1979లో ఏడో యూనిక్స్‌తో వచ్చిన క్రాన్‌కా, 2010లో బయటికొచ్చిన, యంత్రంలోని సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలోని టైమర్లకా? ఒకే సర్వర్లను చూసుకునే ఇద్దరు నిర్వాహకుల వాదన ఇది. తగువంతా రాత్రి బ్యాకప్ గురించి.

క్రాన్ పక్షం: ‘0 3 * * *’ అని (నిమిషం, గంట, తేదీ, నెల, వారం; * అంటే ఏదైనా సరే) రాసి పక్కన ఆదేశం పెడితే రోజూ తెల్లవారుజామున మూడింటికి పని జరిగిపోతుంది. అదే పనికి మీరు రెండు ఫైళ్లు రాయమంటారు. ఏం చేయాలో చెప్పే సర్వీస్ ఒకటి, ఎప్పుడు చేయాలో చెప్పే టైమర్ ఒకటి. ఆపైన ఎనేబుల్ చేయడం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాకపోతే ఏమిటండీ ఇది?

టైమర్ పక్షం: రాయడం ఒక్కసారే కదా, సరిచూసుకోవడం మాత్రం ఏళ్ల తరబడి. మీ ఒక్క వరుస సంగతే చూద్దాం. ‘30 2 13 * 5’ అంటే ఎప్పుడు?

క్రాన్ పక్షం: పదమూడో తేదీన వచ్చే శుక్రవారం అంటాననుకున్నారా? ప్రతి పదమూడునా, ప్రతి శుక్రవారమూ అని. తేదీ గడి, వారం గడి రెండూ నింపితే ఏ ఒక్కటి కుదిరినా నడుస్తుంది. మాన్యువల్‌లో రాసే ఉంది.

టైమర్ పక్షం: మీకు తెలుసు. రేపు మీ చోటికి వచ్చేవారికి? టైమర్‌లో వేళ చెప్పే ఆన్‌క్యాలెండర్ వరుసలో వారం, తేదీ రెండూ రాస్తే రెండూ కలిసిన రోజునే నడుస్తుంది. నమ్మకం లేకపోతే సిస్టమ్‌డీ-అనలైజ్ ఆదేశాన్ని అడగండి, రాబోయే తేదీలను ముందే వరుసగా చూపిస్తుంది. ఇంకొకటి. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ కోసం % గుర్తు వాడితే, క్రాన్ దాన్ని కొత్త వరుస అనుకుని ఆదేశాన్ని అక్కడికే తెంపేస్తుంది.

క్రాన్ పక్షం: మీ యూనిట్ ఫైలులో, అంటే ఆ సర్వీస్ ఫైలులో మాత్రం? అక్కడా % కు వేరే అర్థం ఉంది, రెండుసార్లు రాస్తే గానీ ఒకటిగా తీసుకోదు.

(ఈ అంకంలో ఇద్దరూ సమానమే.)

టైమర్ పక్షం: సరే, అసలు విషయానికి వస్తాను. మూడింటికి యంత్రం ఆగి ఉందనుకోండి. క్రాన్‌కు ఆ రాత్రి సంగతే గుర్తుండదు. టైమర్‌లో పర్సిస్టెంట్ అని ఒక్క మాట పెడితే, చివరిసారి నడిచిన సమయాన్ని డిస్కు మీద దాచుకుంటుంది. యంత్రం లేవగానే, తప్పిపోయిన పనిని ఒకసారి నడుపుతుంది.

క్రాన్ పక్షం: దానికి అనాక్రాన్ అనే తోడు ప్రోగ్రామ్ ఉంది.

టైమర్ పక్షం: గంటగంటకూ నడిచే పని గంటలో పూర్తి కాకపోతే? క్రాన్ రెండోదాన్ని మొదటిదాని నెత్తిన ఎక్కిస్తుంది. రెండూ అదే ఫైలు మీద రాస్తుంటాయి. సర్వీస్ ఇంకా నడుస్తుంటే టైమర్ రెండోదాన్ని మొదలుపెట్టదు.

క్రాన్ పక్షం: దానికి ఎఫ్‌లాక్ అనే తాళం ఉంది.

టైమర్ పక్షం: జరిగిన పని చిట్టా (లాగ్) రాయడానికి లాగర్, మెమరీకి హద్దు పెట్టాలంటే ఇంకొకటి. ఇన్ని అతుకులు వేశాక ఒక్క వరుస ఇంకా ఒక్క వరుసేనా?

క్రాన్ పక్షం: అతుకులే, కానీ కంటికి కనబడే అతుకులు. ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. మెయిల్ ఏర్పాటు ఉన్న యంత్రంలో పని ఏ మాట కక్కినా క్రాన్ నాకు మెయిల్ పంపుతుంది. మీ టైమర్ విఫలమైతే నాకు ఎవరు చెబుతారు?

టైమర్ పక్షం: తనంతట తాను ఎవరూ చెప్పరు. ఆన్‌ఫెయిల్యూర్ కింద కబురు పంపే మరో యూనిట్ రాసుకోవాలి.

క్రాన్ పక్షం: అంటే మూడో ఫైలు!

టైమర్ పక్షం: ఒప్పుకుంటాను, అది లోటే. కానీ మెయిల్ వచ్చేది పని నడిస్తేనే కదా. అసలు మొదలే కాని పని ఏ మెయిలూ పంపదు, మీరేమో ఇన్‌బాక్స్ ఖాళీగా ఉందని నిశ్చింతగా పడుకుంటారు. లిస్ట్-టైమర్స్ అని కొట్టి చూడండి: తర్వాత ఎప్పుడు, ఇంకా ఎంతసేపు, కిందటిసారి ఎప్పుడు నడిచింది, అన్నీ ఒకే వరుసలో. కిందటిసారి గడి ఖాళీగా ఉంటే అప్పుడే అనుమానం రావాలి.

క్రాన్ పక్షం: చూసేవాడు ఉంటే.

టైమర్ పక్షం: క్రాన్‌లో చూడటానికి ఆ గడే లేదు. పైగా క్రాన్ పట్టికను చూసుకునే క్రాంటాబ్ ఆదేశంలో దిద్దడానికి ‘ఈ’, తుడిచేయడానికి ‘ఆర్’. కీబోర్డు మీద రెండూ పక్కపక్కనే. వేలు జారితే పట్టిక మొత్తం మాయం, అడగను కూడా అడగదు.

క్రాన్ పక్షం: అందుకే పట్టిక నకలు విడిగా దాచుకుంటాను. సరే, బ్యాకప్ మార్చుకోండి, తప్పిన రాత్రి లెక్క దానికి అవసరమే. పాత తాత్కాలిక ఫైళ్లు తుడిచే వరుసలను మాత్రం ముట్టుకోకండి. ఇంతకీ ఆల్పైన్ లైనక్స్ ఉన్న యంత్రాల్లో ఏం చేస్తారు?

టైమర్ పక్షం: అక్కడ సిస్టమ్‌డీ లేదు. క్రానే.

క్రాన్ పక్షం: ఆ మాట మీ నోటితో వినాలనే అడిగాను.

టైమర్ పక్షం: విన్నారుగా. ఇక ఆ క్రాంటాబ్ వరుస ముందు # పెట్టి దాన్ని ఆపండి, లేకపోతే ఈ రాత్రి బ్యాకప్ రెండుసార్లు నడుస్తుంది.