నవ్వు గీతల కేసు

ముక్కు పక్క నుంచి నోటి చివరల దాకా జారే రెండు మడతలుంటాయి చూశారూ, వాటిని జూబ్లీహిల్స్ స్కిన్ క్లినిక్కుల్లో ‘స్మైల్ లైన్స్’ అంటారు. అన్నయ్య కొడుకు పెళ్లి ఫొటోల టెన్షన్‌తో, యాభై నాలుగేళ్ల వయసులో నేనూ వెళ్లాను. డాక్టరమ్మ చేతికి అద్దమిచ్చి, “మీకు బాగా లోతుగా పడ్డాయండీ” అంది. మా ఆవిడ పక్కనుంచి తొంగి చూసింది. “ఇరవై ఏడేళ్లలో ఈయన ఇంట్లో నవ్వగా నేనైతే చూళ్లేదమ్మా. మరెక్కడ నవ్వొస్తున్నారో!”

అంటే ఇవి గీతలు కావు, సాక్ష్యం. వెంటనే మాయం చేసే మార్గం అడిగాను.

ఫిల్లర్ అంది, అంటే మడత కింద సూదితో నింపే జెల్. పేరు హైయలురోనిక్ యాసిడ్. బాత్రూం కడిగే సరుకేమో అనుకున్నాను. కాదట, మన చర్మంలో, కీళ్లలో నీటిని పట్టి ఉంచే పదార్థమేనట. 1934లో న్యూయార్క్‌లో ఆవుల కళ్లలోంచి తీశారు. తర్వాత కోడిపుంజు జుట్టులో కూడా దండిగా ఉందని తేలింది. బరిలో కత్తికి తప్ప దేనికీ బెదరని భీమవరం పుంజులకు ఈ సంగతి ఎవరూ చెప్పకండి. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతోనే తయారు చేస్తున్నారు కాబట్టి సంక్రాంతికి ఢోకా లేదు.

సిరంజిలో ఉండేది ఒక మిల్లీలీటరు. టీస్పూనులో అయిదో వంతు. ధర వినగానే నా గీతలు ఇంకాస్త లోతుకు దిగాయి. పోనీ శాశ్వతమా అంటే, ఏడాది అటూ ఇటూగా ఒళ్లే కరిగించేసుకుంటుంది. రెన్యువల్ చేయించకపోతే ముఖం పాలసీలా ల్యాప్స్ అయిపోతుందన్నమాట. ఈలోపే నచ్చకపోతే హైయలురోనిడేజ్ అనే విరుగుడు పొడిచి కరిగిస్తారు, పాత గీతలు పాత చోటికొచ్చేస్తాయి. గవర్నమెంటు ఆఫీసులో మాయమైన ఫైలుకు ఈ సదుపాయం లేదు.

(ఒక్క మాట వెటకారం లేకుండా: సూది పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. డిస్కౌంటుకు ఆశపడి పార్లర్లలో పొడిపించుకోకండి.)

కొన్నాళ్లు వాపు, కమిలిన మచ్చలు ఉండొచ్చని కూడా చెప్పింది. పెళ్లికి వారమే ఉంది. ఆ ముఖంతో వెళితే చుట్టాలు మా ఆవిణ్ణే అనుమానిస్తారు. తనకీ ఆ సంగతి తట్టినట్టుంది, కేసు వాయిదా వేసి తన నుదురు చూపించింది. కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు.

“వీటికి ఫిల్లర్ కంటే ముందు బొటాక్స్ చూస్తామండీ, బిగుసుకున్నదాన్ని సడలించే ఇంజెక్షన్. ఇవి కండరం పదే పదే ముడుచుకోవడం వల్ల వస్తాయి” అంది డాక్టరమ్మ.

“కండరం వల్లనా?” అని మా ఆవిడ నావైపు తిరిగింది.